బోణీకి పోయిన తాళం

అంగడికీ ఇంటికీ మధ్య ఒక తలుపు ఉంది. దాన్ని దాటి ముందుకు రావడం మా ఇంటి ఆడవాళ్లకు అలవాటు లేదు. రెండువేల ఏడు వేసవిలో నేను దాటింది చెత్త ఊడవడానికి.

ప్రొద్దుటూరులో మాది పుస్తకాలు, పెన్నులు, ఆటవస్తువులు అమ్మే అంగడి. ఆ ఏడు సెలవులకు ముందు బొంబాయి కంపెనీ ఒకటి బొమ్మల కార్డుల పొట్లాలు దించింది. కత్తులు పట్టిన యోధులు, మంటలు కక్కే పక్షులు, కోటగోడలు. ఎవరి కట్ట వాళ్లు కూర్చుకుని ఎదురెదురుగా కూర్చుని ఆడాలి. పిల్లలే కాదు, కాలేజీ వాళ్లు, బ్యాంకు గుమాస్తాలు కూడా కొనేవాళ్లు. కొని, మా మెట్ల మీదే పొట్లం చించి, మెరిసే యోధుడుంటే జేబులో వేసుకుని, మెరవని కార్డులన్నీ అక్కడే పారేసి పోయేవాళ్లు.

మా మామ పెద్దసుబ్బయ్యగారికి పారేసిన వస్తువు కంట పడితే ప్రాణం నిలవదు. "కాయితమే కదమ్మా, పొయ్యి రాజేసేదానికన్నా పనికొస్తాది. ఎత్తిపెట్టు" అన్నారు.

ఎత్తిపెట్టాను. పొయ్యిలో మాత్రం వేయలేదు. బిస్కెట్ల డబ్బాలో దాచి, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక చాప మీద పరిచి చూసేదాన్ని. నేను లెక్కల్లో బీఎస్సీ. పెళ్లయ్యాక ఆ చదువు చాకలిపద్దుకు పనికొచ్చింది.

ఆట నియమాలు పొట్లం వెనక ఇంగ్లీషులో ఉండేవి. ఒక్కొక్కరికి నలభై కార్డుల కట్ట. మన వంతు వచ్చినప్పుడల్లా కట్ట పైనుంచి ఒక కార్డు తీసుకోవాలి, చేతిలోది ఒకటి దించాలి. యోధుల్ని దించి ఎదుటివాడి కోట కూలిస్తే గెలుపు. అందరూ అంతవరకే చదివారు. దాని కింద సన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. తన వంతు వచ్చేసరికి తీసుకోవడానికి కట్టలో కార్డు లేనివాడు ఓడిపోయినట్టే.

వ్యాపారి ఇంట్లో పుట్టి వ్యాపారి ఇంటికి వచ్చినదాన్ని. ఎదుటి అంగడివాడితో పోట్లాడి గెలవడం ఒక పద్ధతి. వాడి సరుకు అయిపోయేదాకా ఓపిగ్గా కూర్చోవడం ఇంకో పద్ధతి. డబ్బాలో ఉన్న పనికిరాని కార్డులన్నీ ఆ రెండో పద్ధతికి పనికొచ్చేవే. తాళం కార్డు దించితే ఆ వంతుకు ఎదుటివాడు మన కోట మీదికి రాలేడు. కావడి మోసే మనిషి కార్డు దించితే, మనం వాడేసిన కార్డు ఒకటి తిరిగి మన కట్ట పైకి చేరుతుంది. మేక కార్డు దించితే ఎదుటివాడు ఇష్టమున్నా లేకున్నా తన కట్టలోంచి రెండు కార్డులు చేతిలోకి తీసుకోవాలి. తాళం వేయడం, కావడితో దాన్ని వెనక్కి తెచ్చుకోవడం, మధ్యలో మేకతో వాడి కట్టను మేయించడం. మిగతావన్నీ కోటకు అడ్డం పెట్టే గోడలు. నేను కూర్చిన కట్టలో ఒక్క యోధుడు కూడా లేడు.

పొట్లాలు వేయడానికి వచ్చే కంపెనీ మనిషి దేవేంద్రప్పది ఆదోని. ఒకరోజు లెక్క చూసుకుంటూ తలుపు దగ్గర నా కట్టను చూశాడు.

"ఏమమ్మా, కత్తి పట్టినోడు ఒక్కడూ లేడే. దీంతో ఎట్ల ఆడతారు?"

"కూర్చోండి, తెలుస్తుంది" అన్నాను.

గడపకు అటు ఆయన, ఇటు నేను, నడుమ పీట. ఆయన సంచిలో అన్నీ మెరిసే కార్డులే. ఒకదాని తర్వాత ఒకటి దించాడు, నా గోడల మీద వాటిని కొట్టించాడు, చివరికి కట్ట కోసం చేయి చాస్తే పీట తగిలింది.

"ఓరి దేవుడా! దుడ్లు పోసి కొన్నవన్నీ నా కాడ పెట్టుకుంటే, చెత్తతో కొట్టినారు కదమ్మా!" అని నుదురు తుడుచుకున్నాడు. "మే ఆఖర్లో కర్నూలులో పోటీ ఉండాది. అంగడికి ఒకరే. మీ అంగడి పేరు మీద మీరు రావల్ల."

గల్లా దగ్గర నుంచి మా ఆయన ధనుంజయ పెద్దగా నవ్వారు. "మా ఇంటామె కర్నూలు పోయి పేకాడతాదంటప్పా!" లోపల్నుంచి అత్త అనసూయమ్మ అందుకున్నారు. "ఆ మాట గట్టిగా అనబాకు, ఊర్లో పరువుండాది మనకు."

నాకు అవేవీ వినపడలేదు. కర్నూలు పోవాలని ఉంది, అంతే. ఎవరూ చాప చుట్టేయమనని చోట, ఒక బల్ల ముందు, నా కట్టతో నేను కూర్చోవాలి.

వారం తిరక్కుండా ఉదయశ్రీ కాపురానికి వచ్చింది. మా మరిది ప్రదీప్‌కుమార్ భార్య, నాకు తోడికోడలు. రాయచోటి నుంచి బస్సులో వచ్చారు. ప్రదీప్ దిగి, మొహం పాలిపోయి, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చేతిలో ఇంకా శనక్కాయల పొట్లం ఉంది.

"దారి పొడుగునా తింటానే వచ్చినా అక్కా. గువ్వలచెరువు కనుమలో బస్సు తిరుగుతాంటే ఉయ్యాల ఊగినట్టుండె. మీ మరిదేమో కిటికీలోంచి తల లోపలికి పెడితే ఒట్టు!"

అందరూ నవ్వారు. అత్త కూడా. నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి రోజు ఎవరైనా నవ్వారేమో గుర్తు తెచ్చుకోబోయి మానేశాను.

ఉదయశ్రీ ఇంటర్లో లెక్కలు తప్పిన మనిషి. రెండు మధ్యాహ్నాలు నా పక్కన పడుకుని, చేతిమీద తల ఆనించుకుని, ఊరికే చూసింది. మూడో రోజు అడిగింది.

"అక్కా, మేకలు మూడెందుకు?"

"ఎదుటివాళ్ల కట్ట తొందరగా అయిపోవడానికి."

"అయిపోతాది, సరే. వాళ్ల చేతికి కూడా రెండు కార్డులు ఎక్కువొస్తాండాయి కదా. నీ మేక వాళ్ల చేను మేస్తాండాది, పాలు కూడా వాళ్లకే ఇస్తాండాది. ఒకటి పెట్టుకుని రెండు తీసెయ్. ఆడ కావళ్లు పెట్టు."

"చూద్దాంలే" అన్నాను.

ఆమె నిద్రపోయాక పరిచి చూశాను. రెండు రకాలుగానూ ఆడి చూశాను. ఆమె చెప్పింది నిజం. పొట్లం వెనక నియమాలు ఒక్కసారి కూడా చూడని మనిషి చెప్పింది నిజం. రెండు మేకల్ని తీసి డబ్బాలో వేశాను, ఎవరికీ చెప్పలేదు. కానీ ఆమె కళ్లు ఊరుకుంటాయా?

"తీసేసినావే! చెప్పలా నేను?" అని చప్పట్లు కొట్టింది. సాయంత్రానికి అది 'ఉదయ బాగుచేసిన కట్ట' అయిపోయింది. మామ అంగడికి వచ్చినవాళ్లకు అట్లాగే చెప్పారు. పేకాట అని మొహం చిట్లించిన అత్త చిక్కుడుకాయల చేట తెచ్చుకుని మా పక్కనే కూర్చోవడం మొదలుపెట్టారు. "చిన్నదాని చేతిలో ఏముందో గానీ, ఏం పట్టుకున్నా కలిసొస్తాది" అన్నారు, ఈనె తీస్తూ, నా వైపు చూడకుండా.

మా ఆయనకు నియమాలు చెప్పబోయినప్పుడల్లా ఆవలించేవారు. ఉదయశ్రీ చెబితే ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నారు. నేను చెప్పిన నియమాలే. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తూ ఒక్కొక్కటే విన్నాను, ఎక్కడైనా తప్పు చెబుతుందేమోనని. రెండు చోట్ల తప్పు చెప్పింది. ఆయన రెండు తప్పులూ శ్రద్ధగా నేర్చుకున్నారు.

మరుసటి రోజు భోజనాల దగ్గర మామ చారు జుర్రుతూ, "శానా బాగుండాది. ఉదయమ్మ పెట్టిందా?" అన్నారు.

"లేదు మామా, నేనే."

"అట్లనా" అని మజ్జిగ అడిగారు.

అదే డబ్బాలోంచి ఉదయశ్రీ కూడా ఒక కట్ట కూర్చుకుంది. నా కట్టలాంటిదే, కానీ నడుమ ఒంటికన్ను ముసలోడిని ఒకణ్ణి పెట్టింది. యోధులందరిలోకీ బలం తక్కువవాడు, గోడను గీకను కూడా గీకలేడు.

"వీడెందుకు?" అన్నాను.

"ఊరికే అక్కా. వాళ్లు చూసి భయపడతారని."

"ఎవరూ భయపడరు."

"నీ కట్ట అచ్చం నీ మాదిరే ఉండాది, నోరు తెరవదు" అని నవ్వింది. "నాదాంట్లో ఒకడన్నా అరిచేటోడు ఉండనీ."

డబ్బా మొత్తానికి తాళం కార్డులు రెండే దొరికాయి. ఆమెకొకటి, నాకొకటి. ఆ రెండు కట్టల్నీ వేసవంతా మారుస్తూనే ఉన్నాం. ఆమె ఒకటి మారిస్తే నేను రెండు మార్చేదాన్ని. దోసెపిండి రుబ్బేటప్పుడు కూడా నా తలలో గోడలూ కావళ్లే. ఆమె మాత్రం జడ అల్లుకుంటూ, ఎవరితోనో మాట్లాడుతూ, ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టేది. అదే సరైన కార్డు అయ్యేది. నా కడుపు మండేది అందుకే. ఆమె కష్టపడి గెలిచి ఉంటే నేను ఓర్చుకునేదాన్నేమో.

దేవేంద్రప్ప మళ్లీ వచ్చాడు. "పేరు రాసుకోవల్ల. ఎవరు వస్తాండారు?"

"ఉదయను రాసుకో" అన్నారు మా ఆయన, ఆలోచించకుండా.

నేను తలుపు వెనకే ఉన్నాను, దేవేంద్రప్పకు మంచినీళ్ల చెంబు తెస్తూ. చెంబు గడప మీద పెట్టి వెనక్కి తిరిగాను.

మామ గొంతు వినిపించింది. "ఉండప్పా. మొదలుపెట్టింది పెద్దామె. శుక్రవారం మాపటికి ఇద్దరినీ ఆడనీ. గెలిచినామె పోతాది."

శుక్రవారం పొద్దున నా తాళం కార్డుకు ఉన్న ప్లాస్టిక్ కవరు చిరిగి కనిపించింది. నలిగిన కార్డు కర్నూలులో పనికిరాదని దేవేంద్రప్ప చెప్పి ఉన్నాడు. మామ అప్పుడే అంగడి తీసి దీపం పెడుతున్నారు. కొత్త కవరు తీసుకుందామని కార్డు పట్టుకుని అంగడిలోకి వెళ్లాను. ఇంతలో అత్త అరిచారు, "పాలు పొంగుతాండాయి, యాడ పోయినావమ్మా!" పరుగెత్తాను. పాలు దించి, పొయ్యి తుడిచి, ముగ్గు వేసి, పూజ అయ్యాక కట్ట చూసుకుంటే తాళం లేదు.

చాప దులిపాను. డబ్బా బోర్లించాను. ఉదయశ్రీ వసారాలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది.

"నా తాళం చూశావా?"

"నీ తాళం నేనెందుకు చూస్తానక్కా? నాది నాకుండాది" అంది, దారం పంటితో తెంపుతూ.

ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నేను ఆమె చేతుల వంకే చూస్తూ నిలబడ్డాను, పూలబుట్ట అడుగున ఏదైనా కనిపిస్తుందేమోనని. తర్వాత గుర్తొచ్చింది. అంగడిలోకి వెళ్లాను.

"మామా, అద్దం బల్ల మీద నా కార్డు ఒకటి..."

"తాళం బొమ్మదా? అమ్మేసినా కదమ్మా. బోణీ" అన్నారు మామ.

"అమ్మేశారా?"

"జమ్మలమడుగు ఆయనంట. కూతురికి కావల్లని అద్దం మీద వేలు పెట్టి, ఇదెంత అన్నాడు. శుక్రవారం పొద్దు, మొదటి బేరం. ఇది అమ్మేది కాదు పోప్పా అని యెనక్కి పంపిస్తామా?"

పంపించం. నాకు తెలుసు. మా నాయన ఒకసారి తాను పట్టుకెళ్లిన గొడుగునే బోణీకి అమ్మేసి, నానుతూ ఇంటికొచ్చాడు. అమ్మ తల తుడిచింది గానీ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేకపోయాను. నా తాళం జమ్మలమడుగు పోయింది. అది లేకపోతే నా కావళ్లు మోసుకొచ్చేది ఏముంది?

వసారాలో అందరికీ తెలిసింది. మా ఆయన అయ్యో అని, "అయితే ఇంక ఉదయేలే" అన్నారు. ఉదయశ్రీ పూలు పక్కన పెట్టింది. తన కట్ట తెచ్చి, అందులోంచి తాళం వెతికి తీసి, దేవుడి గూట్లో కర్పూరం డబ్బా కింద పెట్టింది.

"అక్కకు లేదు, నాకూ లేదు. సరిపాయె."

"చూసినావా! పెద్ద మనసంటే అది" అన్నారు మా ఆయన. నాతోనే అన్నారు.

చూశాను. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కింది. నా కార్డు పోయినందుకు మెప్పు ఆమెకు.

మాపటికి వసారాలో పీట వేశారు. మామ గల్లాకు తాళం వేసి వచ్చారు. ప్రదీప్ పెళ్లాం పక్కన, మా ఆయన కూడా అటుపక్కే. నా పక్కన గోడ ఉంది.

చాలాసేపు పట్టింది. కొట్లాడని కట్టలు రెండూ, గోడలు కట్టుకుంటూ పోయాం. నా మేకను మొదట్లోనే దించేశాను. ఆమె తన మేకను సరిగ్గా నేను వద్దనుకున్న చోట దించింది. కట్టలు కరిగిపోతున్నాయి. అత్త చేతిలో విసనకర్ర కూడా ఆగింది.

ఆమె తన కట్టలో ఆఖరి కార్డు తీసుకుంది. ఇప్పుడు ఆమె చేతిలో రెండు కార్డులు, నా కట్టలో ఒకే ఒక్క కార్డు. ఆమె చేతిలోకి చూసుకుంది. తర్వాత ఒంటికన్ను ముసలోణ్ణి పీట మీద చరిచి, "భయపడక్కా!" అంది. అందరూ గొల్లున నవ్వారు.

నేను నవ్వలేదు. నా ఆఖరి కార్డు తీసుకుని, గోడ దించాను.

ఆమె చేయి చాపి ఖాళీ పీట తడిమింది. "అయిపాయె. అక్కే గెల్చె. అత్తా, వడియాలు తీయనేలేదు, పక్షులు తినిపోతాయి" అంటూ చేతిలో మిగిలిన కార్డు బోర్లించి మిద్దె మెట్లెక్కింది.

కార్డులు నేనే సర్దుకున్నాను. ఇంకొకరు సర్దితే నాకు నచ్చదు. ఆమె బోర్లించిన కార్డు తిప్పి చూశాను. కావడి.

ముసలోణ్ణి కాక అది దించి ఉంటే, వాడేసిన కార్డు ఒకటి ఆమె కట్ట మీదికి చేరేది. మరుసటి వంతుకు ఆమెకు తీసుకోవడానికి ఒకటి ఉండేది. నాకు ఉండేది కాదు, నా చేతిలో మిగిలినవన్నీ గోడలే. కావళ్లు ఎక్కువ పెట్టమని నాకు చెప్పిందే ఆమె.

కార్డును డబ్బాలో వేసి మూత పెట్టాను. బేరం తెగాక, ఇంటికి పోయేవాళ్లకు ఒక రబ్బరో బలపమో కొసరు వేస్తాం మేం. మళ్లీ మన అంగడికే రావాలని. నాకు అట్లాగే అనిపించింది. కొసరు గెలుపు పట్టుకుని కర్నూలు పోవాలి. వద్దని చెప్పడానికి నోరు తెరవలేదు. పోవాలని అంత ఉంది నాకు.

బయలుదేరే పొద్దున ఆమె తన తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీన్ని కూడా బోణీకి పెట్టబాకు అక్కా."

నంద్యాల మీదుగా బస్సులో పోయాం, నేనూ మా ఆయనా. కర్నూలులో ఒక కల్యాణమండపం. తిరుగుతున్న పంకాల కింద కార్డులు ఎగిరిపోకుండా అందరూ అరచేతులు అడ్డం పెట్టుకుని ఆడుతున్నారు. మైకులో "ప్రొద్దుటూరు, నాగశ్రీ" అన్నారు. కోడలనో పెళ్లామనో తగిలించకుండా నా పేరు విని ఎన్నాళ్లో అయింది.

"మేడమ్, యోధుల్ని ఇంటికాడ మర్చిపోయినట్టుండారు" అన్నాడు మొదటి బల్ల మీద ఇంజనీరింగు చదివేవాడు. కాసేపటికి వాడే లేచి, చేతులు కట్టుకుని, నా తర్వాతి ఆట చూడ్డానికి వచ్చాడు. అందరి కట్టలూ కొట్లాడేవే. నా తాళం, కావడి, తాళం. మూడు బల్లలు దాటాను.

నాలుగో బల్ల మీద ఏసేపు సార్. నందికొట్కూరులో డ్రిల్లు మాస్టరు. మాటలు లేవు, తొందర లేదు. మేక కార్డు మొదట్లోనే నా చేతికి వచ్చింది. దించుదామనుకున్నప్పుడల్లా 'పాలు వాళ్లకే ఇస్తాండాది' అన్న మాట వినిపించేది. గోడ దించేదాన్ని. మళ్లీ మళ్లీ గోడే దించాను. చివరికి ఆయన పక్షి నా కోటను కూల్చింది. అప్పుడు ఆయన కట్టలో మిగిలింది ఒకే ఒక్క కార్డు.

"బాగా ఆడినావమ్మా. చెమటలు పట్టించినావు" అన్నారు ఏసేపు సార్, కార్డులు సర్దుకుంటూ.

ఓడినవాళ్లకు కంపెనీ టోపీ ఇచ్చారు. మా ఆయన దాన్ని పెట్టుకుని ప్రొద్దుటూరు దాకా నిద్రపోయారు.

"మూడు గెల్చినావంటే తక్కువా!" అన్నారు మామ. ఆయన ఆలోచన అప్పటికే వేరే దారిన పోతోంది. "పారేసిన కార్డులకు ఇంత గిరాకీ ఉండాదని తెలీకపాయె. ముందర ఒక బల్ల వేయిస్తా. సాయంత్రాలు మీరిద్దరూ కూర్చుని ఆడండి, అమ్మండి." అత్త ఏదో అనబోయి, మామ మొహం చూసి ఊరుకున్నారు. అట్లా మేం తలుపు దాటాం. ఆ రోజు నుంచి ఆ తలుపుకు గడియ పెట్టలేదు.

బల్ల వేసిన మొదటి సాయంత్రం, ఉదయశ్రీ నా ఎదురుగా కూర్చుంది. కర్నూలు ఎట్లా ఉంది, ఎంతమంది వచ్చారు, ఏమీ అడగలేదు.

"ఓడిపోయినప్పుడు నీ చేతిలో ఏం మిగిలె?" అంది.

ఇంట్లో ఎవరూ అడగని మాట అది. "మేక" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"ఆయన కట్టలో?"

"ఒకటి."

ఆమె కళ్లు మూసుకుని ఏదో చూసుకుంది. "మేకను దించి ఉంటే రెండు పోయుండె. ఆయన కట్ట ముందే అయిపోయుండె. ఎందుకు దించలా?"

"వద్దని చెప్పింది నువ్వే కదా."

"నేను చెప్తే నువ్వు వింటావా అక్కా?" నిజంగా కోపమొచ్చింది ఆమెకు. "అది నీ కట్ట కదా!"

నేను డబ్బా మూత తీసి, అడుగు నుంచి కావడి కార్డు వెతికి, బల్ల మీద ఆమె ముందు పెట్టాను. "మరి దీన్ని నువ్వెందుకు దించలేదు, శుక్రవారం?"

ఆమె దాన్ని చూసింది. కాసేపు గాజులు వెనక్కీ ముందుకీ తోసుకుంది. "నాకు బస్సు పడదక్కా. వాంతులు. కర్నూలు దాకా యాడ కూచుంటా?"

గువ్వలచెరువు కనుమ పొడుగునా శనక్కాయలు తింటూ వచ్చిన మనిషి.

ఆమె తాళం కవరు తుడిచి తిరిగి ఇచ్చేశాను. డబ్బాలోంచి నా రెండు మేకల్నీ తీసి కట్టలో పెట్టుకున్నాను. కట్ట కలిపి బల్ల మీద పెట్టాను.

"చేతిలో ఏదీ దాచిపెట్టుకోకూడదు" అన్నాను.

"పెట్టుకోను."

"మీ అత్తమీద ఒట్టు పెట్టు."

"ఆమె నీకూ అత్తే" అని నవ్వి ఒట్టు పెట్టింది.

మెట్ల మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. మూడు ఆటలు ఆడాం. మూడూ ఆమే గెలిచింది. మూడోది ముగిసేటప్పుడు ఆమె అటు తిరిగి ఎవరికో పెన్సిలు అమ్ముతోంది, ఎడమచేత్తో కార్డు దించుతూ. ఆ వేసవంతా మండిన చోటే నాకు కడుపులో మళ్లీ భగ్గుమంది. ఈసారి ఆమె ఆటలో కొసరు లేదు.

"లోపలికి రండమ్మా, దీపాలు పెట్టాల్సిన పొద్దాయె" అని అత్త పిలిచారు.

"వస్తాం" అన్నాను, కార్డులు ఆమె వైపు తోస్తూ. "కలుపు."